రైలు గేటు ఎదుట మెరిసే బోర్డు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

కిందటి నెలలో ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, మా ఇంటికి దగ్గరలో ఉన్న రైలు గేటు వద్ద ఒక కుర్రవాడు స్కూటరు మీద వచ్చి, అప్పటికే వేసి ఉన్న గేటును గుద్దుకున్నాడు. కూరగాయల సంచితో గేటు పక్కనే నిలబడి ఉన్నాను కనుక అంతా నా కళ్ల ముందే జరిగింది. వేగం పెద్దగా లేదు కాబట్టి మణికట్టు విరగడంతో పోయింది. గేటు తీసేదాకా ఆగి ఉన్న జనమంతా అతని చుట్టూ చేరి, ఇంత పొడుగు గేటు కనపడలేదా, కళ్లు నెత్తికెక్కాయా, ఫోను చూస్తున్నావా, తాగి ఉన్నావా అని తలా ఒక మాట అన్నారు. అతని ఫోను జేబులోనే ఉంది. తాగిన వాసనా లేదు. గేట్‌మ్యాన్ గది మెట్టు మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, “ఎటు చూస్తున్నావు బాబూ?” అని అడిగాను. “రోడ్డే చూస్తున్నానండీ. ఆ బోర్డు మీద బొమ్మ మారింది, చూపు ఒక్కసారి అటు పోయింది. మళ్లీ ఇటు తిప్పేసరికి గేటు మీదున్నాను” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను మాత్రం ఆ మాటను నమ్మాను. ఎందుకు నమ్మానో చెప్పడానికి, దానిపై అధికారులు ఏం చేయాలో అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

అతను చూపించిన బోర్డు గేటుకు అవతల, రోడ్డు మలుపులో, సరిగ్గా గేటు మీదుగా కనిపించేటట్లు నిలబెట్టిన డిజిటల్ ప్రకటనల బోర్డు. ఐదారు సెకన్లకొకసారి చీరల ప్రకటన పోయి బంగారం ప్రకటన, అది పోయి ఇళ్ల స్థలాల ప్రకటన వస్తాయి. మారే ప్రతిసారీ తెర అంతా ఒక్క క్షణం తెల్లగా మెరుస్తుంది. దాని ముందు మా గేటు సంగతి చూడండి: ఎరుపు తెలుపు పట్టీల అడ్డకడ్డీ, దాని నడుమ ఎర్ర బిళ్ల, ఒక ఎర్ర దీపం. అన్నీ నిలకడగా ఉంటాయి, ఏదీ కదలదు, మెరవదు. కళ్లకు సంబంధించినంత వరకు ఆ కుర్రవాడి ముందున్న పోటీ అదీ.

నేను దక్షిణ మధ్య రైల్వేలో 34 ఏళ్లు పనిచేశాను. డీజిల్ అసిస్టెంటుగా చేరి, డ్రైవరునై, ఆ హోదా పేరు లోకో పైలట్‌గా మారిన తర్వాత విజయవాడ–గూడూరు దారిలో మెయిలు బండ్లు నడిపి పదవీ విరమణ చేశాను. చూపే మా వృత్తి. ఏది కనపడుతుంది, ఏది కళ్ల ఎదుట ఉండీ కనపడదు అన్న ప్రశ్న మాకు జీతం, ప్రాణం రెండింటితోనూ ముడిపడినది. కానీ అందులోని శాస్త్రం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు తెలియదు. విరమణ తర్వాత తెలిసింది, అదీ నా తల మీదే ప్రయోగం జరిగినప్పుడు.

బెంగళూరులో మెదడు మీద పరిశోధన చేస్తున్న మా మేనకోడలి దగ్గరకు రెండేళ్ల కిందట వెళ్లినప్పుడు, తన ప్రయోగానికి మనుషులు కావాలి, కూర్చుంటారా మావయ్యా అని అడిగింది. తలకు బిగుతైన గుడ్డ టోపీ తొడిగి, దానిలోని చిన్న చిన్న రంధ్రాల్లోకి మొద్దు మొన ఉన్న సిరంజితో చల్లటి జెల్ ఎక్కించారు. ఎదుట తెర మధ్యలో ఒక ప్లస్ గుర్తు. దాని అడ్డగీత పొడవు మారినప్పుడల్లా బొత్తాం నొక్కడం నా పని. చుట్టూ వేరే గీతలు వచ్చి పోతుంటాయి, వాటిని పట్టించుకోవద్దండి అన్నది. ఇరవై నిమిషాలపాటు సిగ్నలు చూసినంత శ్రద్ధగా ఆ గుర్తునే చూస్తూ బొత్తాం నొక్కాను. టోపీ తీశాక, “ఏటవాలు గీతలు ఎన్నిసార్లు వచ్చాయో చెప్పగలరా?” అని అడిగింది. ఏటవాలు గీతలా? నాకు తెలిసి చుట్టూ వచ్చినవన్నీ నిలువు గీతలే. నిజానికి పదింటికి ఒకటి చొప్పున ఏటవాలు గీతలు వచ్చాయట.

నాకు తెలియలేదు కానీ నా మెదడుకు తెలిసింది. తల వెనుక భాగంలో, చూపును అందుకునే చోట టోపీలో పెట్టిన ఎలక్ట్రోడ్లు (మెదడు విద్యుత్తును పసిగట్టే చిన్న బిళ్లలు) నమోదు చేసిన విద్యుత్ తరంగాల్లో, నిలువు గీత వచ్చినప్పుడు ఒక తీరు, ఏటవాలు గీత వచ్చినప్పుడు ఇంకొక తీరు ఉంటుంది. అరుదైన గీత కనిపించిన తర్వాత సెకనులో ఐదో వంతు, నాలుగో వంతు గడిచేసరికి తరంగం మామూలు కంటే ఋణ దిశకు దిగుతుంది. ఆ తేడా మైక్రోవోల్టులలో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో ఉంటుంది కనుక ఒక్కసారి చూస్తే మిగతా అలజడిలో కలిసిపోతుంది. కొన్ని వందల సార్లు, పదుల మందిలో కొలిచి సగటు తీస్తేనే తేలుతుంది. మా మేనకోడలు నాకు చూపించినది కూడా నాతోపాటు కూర్చున్న వాళ్లందరి సగటు. దీన్ని మిస్‌మ్యాచ్ నెగెటివిటీ అంటారు. అలవాటైన వరుసలో పొసగనిదాన్ని మెదడు తనంతట తాను పట్టుకున్నదనడానికి అది గుర్తు. ఫిన్లాండుకు చెందిన రిస్టో నాటానెన్, ఆయన సహచరులు 1978లో మొదట దీన్ని శబ్దాల విషయంలో వివరించారు. చూపులోనూ ఇలాంటిదే ఉన్నదని ఆ తరువాతి కాలంలో తేలింది. శబ్దానికి వచ్చే ఈ తరంగం నిద్రపోతున్న పసిపిల్లలలో కూడా కనిపిస్తుంది. కోమాలో ఉన్న మనిషిలో అది కనిపిస్తే తేరుకునే ఆశ ఎక్కువని వైద్యులు భావిస్తారు. మనం మేలుకుని, పనిగట్టుకుని చేసే పని కాదు అది. మన అనుమతి కోసం ఆగదు.

ఇందులో నన్ను బాగా పట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. కొత్త బొమ్మ వస్తేనే మెదడు ఉలిక్కిపడుతుందని మొదట అనుకున్నాను. బుడాపెస్టుకు చెందిన ఇస్త్వాన్ సిగ్లర్, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో రంగులు ఒక క్రమంలో మారుతూ వస్తాయి. మారవలసిన చోట మారకుండా పాత రంగే మళ్లీ వస్తే, అక్కడ కొత్తదంటూ ఏదీ లేకపోయినా, ఆ తరంగం వచ్చింది. అంటే మెదడు గమనించేది కొత్తదనాన్ని కాదు, తాను వేసుకున్న అంచనా తప్పడాన్ని. తర్వాత ఏం రావాలో లోలోపల లెక్క వేసుకుంటూ ఉంటుంది. వచ్చినది లెక్కకు సరిపోతే మనకు చెప్పదు, సరిపోకపోతే కదులుతుంది.

పాత కాలం డ్రైవర్లకు ఈ సంగతి ఒంటికి తెలుసు. పట్టాలను 13 మీటర్లకొక అతుకుతో వేసిన రోజుల్లో చక్రాల కింది టకటక మాకు వినపడేది కాదు, ఆ లయ ఒకచోట తప్పితే మాత్రం వెంటనే వినపడేది. కంటికీ అంతే. కరెంటు దారిలో స్తంభాలు నేరుగా ఉన్న చోట 60, 70 మీటర్లకొకటి చొప్పున రాత్రంతా హెడ్‌లైటు వెలుగులోకి వస్తూ పోతూ ఉంటాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టరు. ఒక వేసవిలో గాలిదుమారం వెలిసిన రాత్రి, గూడ్సు బండితో కావలి దాటి ఉలవపాడు వైపు వస్తుండగా నా చేయి బ్రేకు మీదికి వెళ్లింది. వెళ్లాక, “ఏమైంది సార్?” అని అసిస్టెంటు అడిగాక, అప్పుడు నాకు తెలిసింది పై తీగ మీద ఏదో వేలాడుతున్నదని. ఇంజను పైన తీగను తాకి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్‌ను దించి బండి ఆపేసరికి ఇంజను ఆ చోటు దాటి నాలుగు పెట్టెల దూరం వెళ్లింది. దిగి టార్చి వేసి చూస్తే తాటిమట్ట. చాలా ఏళ్లు నేను దాన్ని దేవుడి దయ అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను కానీ, ఆ దయ ఏ దారిన వచ్చిందో ఇప్పుడు కొంత తెలుసు.

కన్ను మొదటి నుంచీ మార్పు కోసమే తయారైన అవయవం. 1938లో అమెరికా శాస్త్రవేత్త హాల్డాన్ కెఫర్ హార్ట్‌లైన్ కప్ప కంటి నుంచి మెదడుకు పోయే నరాల పోగులను ఒక్కొక్కటిగా విడదీసి కొలిచినప్పుడు, కొన్ని వెలుగు ఉన్నంతసేపూ పలికాయి, మరి కొన్ని వెలుగు వచ్చినప్పుడూ పోయినప్పుడూ మాత్రమే పలికాయి, ఇంకొన్ని వెలుగు ఆరినప్పుడే పలికాయి. ఆయనకు 1967లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మన ఇళ్లలో ట్యూబులైటు పక్కన బల్లిని గమనించినవారికి ఇది వింత కాదు. పురుగు కదలనంతసేపూ బల్లి కూడా గోడ మీద అతికించినట్లే ఉంటుంది, రెక్క ఆడిందా దూకి నోట పట్టేస్తుంది. మనిషి కంటిలోనూ, ముఖ్యంగా కంటి చివరి చూపులో, ఈ గుణం బలంగా ఉంది. అక్షరాలు చదవగలిగేంత స్పష్టమైన చూపు మనకు నడిమధ్యన రెండు డిగ్రీల మేరకే, అంటే చేయి చాచినప్పుడు బొటనవేలి గోరంత మేరకే ఉంటుంది. మిగతా విశాలమైన ప్రదేశంలో మనకు తెలిసేది రూపం కంటే కదలిక ఎక్కువ. అక్కడ ఏదైనా ఠక్కున మారితే మధ్య చూపును అటు లాగడం ఆ భాగం పని. అడవిలో బతికిన పూర్వీకులకు అది ప్రాణరక్షణ.

అలాగైతే మార్పు మన కన్ను దాటి పోనే పోదా? పోతుంది, తేలికగా పోతుంది. ఈ రెండో సంగతి తెలియకపోవడం వల్లనే ఆ సాయంత్రం జనం నవ్వారు.

1997లో రొనాల్డ్ రెన్సింక్, కెవిన్ ఓరీగన్, జేమ్స్ క్లార్క్ అనే పరిశోధకులు ఒక తేలికైన ప్రయోగం చేశారు. ఒక ఫొటో, అందులో ఒక వస్తువు మార్చిన రెండో ఫొటో, ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ, నడుమ సెకనులో పన్నెండో వంతు ఖాళీ తెర పెట్టారు. ఆ ఖాళీ లేకపోతే మార్పు ఇట్టే తెలిసిపోతుంది. ఖాళీ ఉంటే, చాలా పెద్ద మార్పును కూడా, మారుతున్నదని ముందే చెప్పినా సరే, జనం ఎన్నో మార్లు తిప్పి తిప్పి చూస్తే తప్ప పట్టుకోలేకపోయారు. కారణం ఇది: మామూలుగా మార్పు జరిగిన చోట చిన్న కదలిక పుట్టి కన్నును పిలుస్తుంది. తెర అంతా ఒక్కసారి మెరిస్తే కన్నంతటా కదలిక పుడుతుంది, ఆ గోలలో చిన్న పిలుపు వినపడదు. 1999లో వాళ్లే ఇంకో అడుగు ముందుకు వేసి, ఖాళీ తెరకు బదులు, కారు అద్దం మీద బురద చిమ్మినట్లు అక్కడక్కడ నాలుగైదు మచ్చలు ఒక్క క్షణం పెట్టారు. ఆ మచ్చలు మారుతున్న వస్తువును కప్పవు, దానికి దూరంగానే ఉంటాయి. అయినా చాలామందికి మార్పు కనపడలేదు.

మా గేటు ఎదుట మెరిసే బోర్డు ప్రతి ఐదారు సెకన్లకు చేసేది ఆ బురద మచ్చ పనే అని నా నమ్మకం. ఆ మెరుపు వచ్చిన క్షణంలో గేటు కిందికి దిగడం మొదలైతే, ముందున్న బండి బ్రేకు దీపం వెలిగితే, ఒక పిల్లవాడు రోడ్డు మీదికి అడుగు వేస్తే, ఆ మార్పు పుట్టించే పిలుపు బోర్డు మెరుపులో కొట్టుకుపోతుంది. కళ్లు మూసుకున్నందువల్ల కాదు, తెరిచి ఉంచినందువల్లనే.

దీనికి తోడు మన చూపు మనం అనుకున్నంత ఎడతెగని ధార కాదు. నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప వేస్తాం. సెకనుకు రెండు మూడు సార్లు చూపు ఒకచోటి నుంచి మరోచోటికి గెంతుతుంది, గెంతే ఆ లిప్తలో మనకు దాదాపు ఏమీ కనపడదు. ఇంజనులో వేగం చూపే డయలు మీదికి చూపు దించి మళ్లీ పైకెత్తే లోగా సిగ్నలు మారితే, మారినట్లు తెలియదు, మొదటి నుంచీ అలాగే ఉన్నదనిపిస్తుంది. రైల్వే ఈ బలహీనతను మనిషి తప్పుగా కొట్టిపారేయలేదు. సిగ్నలు కనపడగానే లోకో పైలట్, అసిస్టెంటు ఇద్దరూ చేయి చాచి, దాని రంగును పైకి చెప్పుకోవాలన్న నియమం పెట్టింది. ఒకరి రెప్పపాటు మరొకరి రెప్పపాటుతో కలవదన్న నమ్మకం అది. కొత్తగా చేరిన అసిస్టెంట్లకు అరిచి చెప్పడం మొదట్లో సిగ్గుగా ఉంటుంది. నాకూ ఉండేది. ఎర్ర సిగ్నలు దాటిపోవడాన్ని మేము స్పాడ్ అంటాం. ఆ మాట నా సర్వీసు రికార్డులోకి ఎక్కకుండా కాపాడినది ఆ అరుపే. ఇప్పుడు దానికి మించి కవచ్ వచ్చింది. లింగంపల్లి–వికారాబాద్–వాడి దారిలో మా జోనులోనే తొలి పరీక్షలు జరుపుకున్న ఈ ఏర్పాటు సిగ్నలు రంగును ఇంజను లోపలికే తెచ్చి చూపించి, మనిషి స్పందించకపోతే తానే బ్రేకు వేస్తుంది. రోడ్డు మీద ఒంటరిగా స్కూటరు నడిపే మనిషికి పక్కన అసిస్టెంటు లేడు, కవచ్ లేదు. అతనికి ఉన్నదల్లా కంటి చివర జరిగే ఆ ఆటోమేటిక్ కాపలా ఒక్కటే.

అందుకే రైల్వే మెరిసే దీపాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో మీ పాఠకులకు చెప్పాలనుకుంటున్నాను. ఇంజను ముందు పసుపు రంగు ఫ్లాషర్ దీపం ఒకటి ఉంటుంది. మామూలుగా దాన్ని వెలిగించం. బండి అనుకోకుండా ఆగిపోయి, పెట్టె పట్టా తప్పి పక్క లైనుకు అడ్డం పడి ఉండవచ్చునన్న అనుమానం వచ్చినప్పుడు, ఎదురుగా వచ్చే బండిని ఆపడానికి వెలిగిస్తాం. దూరాన అది టపటప కొట్టుకుంటూ కనపడితే ఎదురు బండి పైలట్ ఇంకేమీ ఆలోచించడు, ఆపుతాడు. రాత్రిపూట బండి చివరి పెట్టె వెనుక కూడా ఆరుతూ వెలిగే ఎర్ర దీపం ఉంటుంది. నిలకడగా వెలిగే దీపానికి కన్ను అలవాటు పడిపోతుంది, ఆరి వెలిగే దీపం ప్రతిసారీ కొత్తగా కన్నును తాకుతుంది. ఈ పిలుపుకు కన్ను లొంగి తీరుతుంది కాబట్టే దాన్ని ఆపదకు మాత్రమే దాచుకున్నారు. అదే పిలుపును మన ఊళ్లలో చీరలకూ స్థలాలకూ నెలవారీ అద్దెకు ఇస్తున్నాం. పైగా ఆటోల వెనుక, బైకుల చక్రాలలో, హోటళ్ల గుమ్మాల మీద అన్నిచోట్లా మెరుపులే అయితే, మెరుపు అనేదే మెదడు లెక్కలో మామూలు వరుస అయిపోతుంది. అప్పుడు అంబులెన్సు దీపం కూడా ఆ వరుసలో ఒకటి అవుతుందేమోనని నా భయం.

గేటు దగ్గర ఈ బోర్డు మరింత ప్రమాదకరం అనడానికి ఇంకో కారణం ఉంది. అది రైలు వచ్చే తీరు. ఎదురుగా వస్తున్న రైలు కంటికి ఎలా కనపడుతుందో నా లెక్క చెబుతాను, ఎవరైనా వేసి చూడవచ్చు. ఇంజను వెడల్పు మూడు మీటర్ల పైచిలుకు. కిలోమీటరు దూరాన ఉన్నప్పుడు, చేయి చాచి ఒక బియ్యపు గింజను పట్టుకుంటే, దాని మందం ఎంతో ఇంజను అంతే వెడల్పుగా కనపడుతుంది. బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ మందం రెట్టింపు కావడానికి 18 సెకన్లు పడుతుంది. పద్దెనిమిది సెకన్లలో ఒక గింజ మందం రెండు గింజల మందం అవుతుంది, అంతే. తర్వాత రెట్టింపుకు 9 సెకన్లు, ఆ తర్వాత నాలుగున్నర. పట్టా మీద నిలబడినవాడికి రైలు చాలాసేపు కదలకుండా నిలిచినట్లే ఉండి, చివరి క్షణాల్లో మీద పడినట్లు ఉండటం అందుకే. ఇంత నిదానంగా పెరిగే మార్పు కంటి చివరి కాపలాను లేపదు. పెద్ద వస్తువులు వాటి అసలు వేగం కంటే నెమ్మదిగా కదులుతున్నట్లు మనకు అనిపిస్తాయని, రైలు గేటు ప్రమాదాలకు అది ఒక కారణం కావచ్చునని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెర్షెల్ లీబోవిట్జ్ 1985లో రాశారు. ఇంజను అద్దం వెనుక నుంచి చూసిన నాకు ఆ మాటలో సందేహం లేదు. హారను కొడుతూనే ఉంటాం, మనిషి తల తిప్పి మా వైపు చూస్తాడు, చూసీ అడుగు ముందుకు వేస్తాడు. బ్రేకు వేసినా బండి ఆగడానికి దాదాపు కిలోమీటరు కావాలి. ఆ ముఖాలను గురించి ఇంతకంటే రాయలేను.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద బడి బస్సును రైలు గుద్దిన ఘోరం మనం మరచిపోలేదు. 2019 జనవరి చివరికల్లా బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లన్నిటినీ తొలగించారు. రైలును కంటితో చూసి దాటే బాధ్యతను మనిషి మీద నుంచి తీసేసి, గేటును చూస్తే చాలు అన్న స్థితి తెచ్చారు. ఇంత ఖర్చు పెట్టి కట్టిన ఆ గేటుకు ఎదురుగా, దానికంటే బలంగా కన్నును పిలిచే వస్తువును నిలబెట్టడం ఏ లెక్క ప్రకారం సరైనది?

బోర్డు వైపు చూడకుండా జాగ్రత్తగా నడుపుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు నాతో వాదించారు. వాళ్లకు నా తలకు తొడిగిన టోపీ సంగతే చెప్పాను. పట్టించుకోవద్దని చెప్పిన గీతలను, నేను పట్టించుకోలేదని ప్రమాణం చేయగలిగిన గీతలను, నా మెదడు పట్టించుకుంది. అవి మసక గీతలు కనుక నా చూపు కదలలేదు. రాత్రివేళ రోడ్డంతా వెలిగిపోయేంత తెల్లటి మెరుపుకు చూపు కదలకుండా ఉండాలని ఎవరినైనా ఆదేశించడం, తుమ్మవద్దని ఆదేశించడం లాంటిది. ఇక ప్రకటనల మీద పురపాలక సంఘాలకు వచ్చే ఆదాయం మాట. దాన్ని వదులుకోమని నేను అనడం లేదు. ఊళ్లో వేరే గోడలు చాలా ఉన్నాయి.

మారే ప్రకటన కావాలంటే దానికీ శాస్త్రంలోనే మార్గం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ సైమన్స్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఫొటోలోని ఒక వస్తువును పది పన్నెండు సెకన్ల వ్యవధిలో మెల్లమెల్లగా కరిగించి మాయం చేస్తే, నడుమ ఖాళీ తెర లేకపోయినా, చూస్తున్నవారిలో చాలామందికి తెలియలేదు. అంటే నిదానంగా మారే మార్పు కన్నును లాగదు. కాబట్టి రోడ్ల కూడళ్లలో, రైలు గేట్ల దగ్గరలో ఇప్పటికే ఉన్న డిజిటల్ బోర్డుల మీద బొమ్మలు ఠక్కున మారకుండా, నడుమ మెరుపు లేకుండా, పది సెకన్లకు తక్కువ కాకుండా ఒకదానిలోంచి ఒకటి కరుగుతూ మారేటట్లు అమర్చాలని, పొద్దు గూకగానే వాటి వెలుగు తగ్గించాలని, కదిలే వీడియోలను అక్కడ పూర్తిగా ఆపాలని రెండు రాష్ట్రాల పురపాలక, రవాణా శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. బోర్డు నడిపే కంప్యూటరులో ఒక అమరిక మార్చితే అయ్యే పని ఇది. కొత్తగా అనుమతి అడిగినప్పుడు బోర్డు ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అని కొలిచి ఊరుకోకుండా, వచ్చే బండివాడి కంటికి దాని ముందు ఏముంది, వెనుక ఏముంది అని ఒక మనిషి అక్కడ నిలబడి చూడాలి, సాయంత్రం వేళ చూడాలి. డ్రైవింగు స్కూళ్లలో కూడా, చూసి నడపండి అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, కూడలి దగ్గర ఒకసారి చూసి ఊరుకోవద్దు, తల తిప్పి రెండోసారి చూడండి, మొదటి చూపులో తప్పినది రెండో చూపులో దొరుకుతుంది అని నేర్పాలి.

మా గేటు విషయంలో సంబంధిత కార్యాలయానికి అర్జీ ఇచ్చాను. బోర్డుకు అనుమతి ఉందండీ అన్నారు. అనుమతి లేదని నేను అనలేదు. కుర్రవాడి చేతికి ఇంకా కట్టు ఉంది. నిన్న గేటు పడినప్పుడు వాళ్ల నాన్న బండి వెనుక కూర్చుని కనిపించి, “నమస్తే అంకుల్” అని ఎడమ చేయి ఎత్తాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే మేమిద్దరం ఒకేసారి అటు తల తిప్పాం, బోర్డు మీద బొమ్మ మారింది. ఆ బోర్డు నిలువు స్తంభం మీద నాలుగు బోల్టులతో బిగించి ఉంది. బజారు నుంచి ఎదురు దిక్కుగా వచ్చేవారికి కనపడేటట్లు దాన్ని అటు తిప్పి బిగిస్తే ప్రకటనకు నష్టం లేదు, గేటు వైపు వచ్చేవారికి గేటు కనపడుతుంది. వానలు మొదలై స్కూటరు అద్దాల మీద, కళ్లజోళ్ల మీద నీటి చుక్కలు పడే రోజులు రాకముందే ఆ నాలుగు బోల్టులు విప్పించాలని సంబంధిత అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లోకో పైలట్,
విజయవాడ